నలభై ఒకటో మనిషి

సగటు అన్న మాట వింటే మా పెదనాన్నకి ఒళ్లు మండిపోతుంది. వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరాయన. "సగటు గాలికి ఏ వంతెనైనా కూలిందా అమ్మాయ్? కూల్చేది పెద్ద గాలే!" అంటాడు. అందుకే ఆయన నోటుబుక్కులో గాలికైనా వరదకైనా ఏడాదికి ఒక్కటే అంకె, ఆ ఏటికెల్లా పెద్దది. ముప్పై ఏళ్ల అంకెలు వరసగా పేర్చి, నూరేళ్లకోసారి వచ్చేది ఎంత ఉండొచ్చో అంచనా కడతాడు.

అక్కడితో ఆగితే బాగుండును. పెద్దమ్మ తుమ్ములకీ ఒక పేజీ ఉంది.

"పోయినేడు కిటికీ అద్దం అదిరింది తెలుసా?"

"నా తుమ్ములు తప్ప మీకింకేం కనబడవా?"

"అద్దం ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుందిలే. నువ్వు ధైర్యంగా తుమ్ము."

నేనూ ఆయన ఆఫీసులోనే ఇంజనీరుని. బడిదారిలో ఏటి మీద వేలాడే నడకవంతెన ఒకటుంది. దాని ఇనుప తీగలు తుప్పుపట్టాయి. వంతెన మీద సగటున పన్నెండుమంది ఉంటారని లెక్కేసి, ఫరవాలేదని రాసిచ్చాను.

పెదనాన్న కాగితం చూశాడు. "బడి వదిలే వేళకి వెళ్లి నిలబడ్డావా?"

నిలబడలేదు. ఆ సాయంత్రం వెళ్తే నూట ఆరుగురు పిల్లలు ఒకేసారి ఎక్కి గెంతుతున్నారు. నేను రాసిన పన్నెండులో ఈ పిల్లలెవరూ లేరు.

మర్నాడే పెదనాన్న వంతెన మూయించాడు. బడి హెడ్‌మాస్టరమ్మ పరుగున వచ్చింది.

"చుట్టూ తిరిగితే ఆరు కిలోమీటర్లు సార్! సగంమంది బడి మానేస్తారు. కొత్త తీగలు రావడానికి ఏడాది పడుతుందట. మీకు మనసనేది ఉందా?"

పెదనాన్న కళ్లజోడు తుడుచుకున్నాడు. "తీగల బలం నేను పెంచలేనమ్మా. మందిని తగ్గించగలను. ఒక్కసారికి నలభైమంది, అంతే."

"ఎవరు లెక్కపెడతారండీ?"

"నేనే. వచ్చే నెల రిటైరవుతున్నా. అందాకా సెలవు పెడతా."

ఏడాది పొడుగునా, పొద్దునా సాయంత్రం, వంతెన మొదట్లో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ముప్పై తొమ్మిది, నలభై... ఆగవే పిడుగా!" పిల్లలు నలభై తాత అని పేరు పెట్టేశారు.

కొత్త తీగలు బిగించిన రోజు ఆయన నోటుబుక్కు తెరిచాను. వంతెన పేజీలో ఆ ఏటి పెద్ద అంకె నలభై ఒకటి! నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నలభై దాటనిచ్చావా పెదనాన్నా? ఎవరా నలభై ఒకటో మనిషి?"

"నేనే. ఒక చిట్టిది నడిమధ్యలో నీళ్లు చూసి బిగుసుకుపోయింది. ఒకటే ఏడుపు. వెళ్లి చెయ్యి పట్టుకుని దాటించా."

"తీగలు తెగుంటే?"

"ఎందుకు తెగుతాయే! నా బొజ్జతో సహా మొదట్నుంచీ నలభై ఒకటికే లెక్క కట్టాను. ఏడాది మొత్తంలో భయపడే పిల్ల ఒక్కతైనా ఉండకుండా ఉంటుందా?"