గారు లేని కురమోచి

తోఫూ అంగడి నడిపే ఇకుయో చేతులు ఎప్పుడూ నీళ్లలో నాని తెల్లగా ఉబ్బి ఉంటాయి. తెల్లవారుజామున సోయా పాలు పొయ్యి మీద కాగుతుంటే, ఆ చేతుల్తోనే పెరట్లో పెద్ద బైనాక్యులర్ తిప్పుతుంది. కిందటి చలికాలం అందులో ఆమెకు ఒక కొత్త తోకచుక్క చిక్కింది. ఖాయం చేసుకుందామని ఖగోళ సంఘంలో తోటి సభ్యుడు, సైకిల్ షాపు కురమోచికి ఫోన్ చేసింది. అతను వచ్చి చూసి, "మీ అద్దానికి తేమ పట్టిందండీ, వెళ్లి పాలు పొంగకుండా చూసుకోండి" అన్నాడు. ఆ వెంటనే తనే కనిపెట్టానని ఖగోళ పరిశోధనశాలకు కబురు పంపేశాడు. తోకచుక్కకు అతని పేరే పెట్టారు.

ఇకుయో గొడవ పడలేదు. తోకచుక్క పేరుకు ఎవరూ "గారు" తగిలించరు కదా! ప్రతి ఆదివారం సంఘంలో బార్లీ టీ ఊదుకుంటూ, అతని ఎదుటే తోకచుక్క వార్తలు చెప్పేది. "కురమోచి బాగా మసకబారాడు." "వెధవకి తోక ఊడిపోతోంది." విన్నవాళ్లకు టీ పొలమారేది. అతనికి మాత్రం, "తీసుకోండి కురమోచి గారూ" అంటూ వంగి మరీ కప్పు అందించేది.

చివరికి సూర్యుడి దగ్గరకెళ్లి తోకచుక్క ముక్కచెక్కలైంది. ఆ ఆదివారం కురమోచి అందరి ముందూ లేచి తలవంచాడు. "ముందు చూసింది ఇకుయో గారే. అది ఆవిడదే."

ఇకుయో అతనికంటే లోతుగా వంగింది. "ఇప్పుడెందుకులెండి? బతికున్నన్నాళ్లూ మీదేగా. శవాన్ని కూడా మీరే ఉంచుకోండి."