మధ్యాహ్నం రండి

మొన్న ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే, నా ముందున్న పెద్దాయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. నేనూ ఆగి, వాచీ చూసుకుంటూ ఆయన ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది. ఆయన తేరుకుని, నన్ను అనుమానంగా చూసి వెళ్లిపోయాడు. ఇది నాకు చదువుకునే రోజుల్లో పట్టుకున్న జబ్బు. పెళ్లిచూపుల్లో మావారి ఊపిరీ లెక్కపెట్టాను. ఆయన భయపడుతున్న సంగతి వాళ్లమ్మ కంటే ముందు నాకే తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో రెండేళ్లు కూర్చున్నా మెడిసిన్ సీటు రాకపోయేసరికి, నాన్న నన్ను రెస్పిరేటరీ థెరపీ డిగ్రీలో చేర్పించారు. ఊపిరాడనివాళ్లను వెంటిలేటర్ మీద కనిపెట్టుకుని ఉండటం, కోలుకుంటుంటే మెల్లగా మిషన్ మాన్పించి సొంతంగా ఊపిరి తీసుకునేలా చెయ్యడం మా పని. గుంటూరు నుంచి వచ్చిన చుట్టాలకు నాన్న "మెడిసిన్ లాంటిదేనండీ" అని చెప్పి, వాళ్లు ఇంకేమీ అడగకముందే కాఫీ సంగతి ఎత్తేవారు. మా ఇంటి ఓనరమ్మ మాత్రం "ఊపిరి తీసుకునుడుకు గూడ సదువుంటదా బిడ్డా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది.

ఆఖరి ఏడాది ట్రైనింగ్ ఎల్బీ నగర్ దగ్గర ఒక ఆసుపత్రి ఐసీయూలో. అక్కడ మాకు పని నేర్పే సీనియర్ అక్క నాకు మొదటగా అప్పగించింది ఒక తుర్కయంజాల్ పెద్దాయనను. బీడీలు ఆయన ఊపిరితిత్తులను తినేశాయి. గొంతులో గొట్టం ఉండటంతో మాట లేదు. రోజూ ఉదయం మిషన్ సాయం తగ్గించి, "తొందరేం లేదు, మెల్లగా" అంటూ పక్కన నిలబడేదాన్ని. మొదటిరోజు పది నిమిషాలకే చెమటలు పట్టి, కళ్లతోనే బతిమాలాడు. పదోరోజుకి రెండు గంటలు సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. ఆయన భార్య బయట బెంచీ మీద కూర్చుని, నేను కనబడితే చాలు, "గొట్టం తీస్తే మాట్లాడుతడా బిడ్డా? నలభై ఏండ్లల్ల గింత సప్పుడు లేకుంట ఎన్నడు లేడు" అనేది.

"రేపు మాట్లాడతాడు పెద్దమ్మా" అని మాటిచ్చాను. అలా మాటివ్వడానికి నేనెవరిని?

మర్నాడు ఉదయం గొట్టం తీశారు. "ఆమెను రెండు నిమిషాలు లోపలికి పంపు" అని సీనియర్ అక్క వేరే మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన గొంతు అప్పటికి ఉత్త గాలిలా ఉంది. నా మొదటి పేషెంట్, నేను మాటిచ్చిన గొంతు. ఆవిడ ఆ గొంతును స్పష్టంగా వినాలని నాకు ఆశ. బయటికెళ్లి, "మధ్యాహ్నం రండి పెద్దమ్మా, అప్పటికి గొంతు సాఫవుతుంది" అన్నాను. ఆవిడ తలూపి, కిందికెళ్లి కూర్చుంది.

పదకొండింటికి ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆమె ఏది?" అన్నాడు. బొంగురుగా, కానీ స్పష్టంగా. "వస్తారు" అన్నాను. కాసేపటికే ఊపిరి ముప్పై దాటింది, తర్వాత నలభై. డాక్టరు పరుగున వచ్చారు. మత్తిచ్చి మళ్లీ గొట్టం వేశారు. ఆవిడ పైకొచ్చేసరికి ఆయన కళ్లు మూసి ఉన్నాయి. ఆ తర్వాత తొమ్మిదోరోజున పోయాడు, తెలివి రాకుండానే.

పోయినరోజు ఆవిడ నన్ను పిలిచి, "ఏమన్న అన్నడా బిడ్డా, ఆ పొద్దు?" అని అడిగింది. అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో. "మీరేరని అడిగారు" అన్నాను.

"నేను కిందనే ఉంటి గద" అంది. అంతే.

సీనియర్ అక్క కూడా నన్నేమీ అనలేదు. తిడితే బాగుండేది. చదువు మానేస్తానంటే, పరీక్షలకు భయపడుతున్నాననుకుని నాన్న ధైర్యం చెప్పారు. అసలు సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. పాసయ్యాను, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గొట్టం తీసిన ప్రతిసారీ ఇంటివాళ్లను ఆ క్షణానే లోపలికి పిలుస్తాను. దానివల్ల ఎంతమందికి మేలు జరిగినా, తుర్కయంజాల్ పెద్దమ్మకు ఒరిగిందేమీ లేదు.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నా విషయంలో అది చేసిందల్లా, ఏడాదికేడాది నన్ను ఆవిడ వయసుకు దగ్గర చెయ్యడమే.