గ్రిల్ ముందు చిట్టి

పిట్ట వాసన తగిలితే మీదికి దూకకుండా, ముందుకాలు ఎత్తి కదలకుండా నిలబడమని మా వేటకుక్కపిల్ల చిట్టికి మూడు నెలలుగా నేర్పుతున్నాను. ఒక్కసారీ నిలబడలేదు. శనివారమే పరీక్ష. ఈ సాయంత్రం అది పక్కింటి సుబ్బారావు పెరట్లోకి దూరి, మూతపెట్టిన బొగ్గుల గ్రిల్ ముందు శిల్పంలా నిలబడింది. మాంసం మానమని నాకు పదేళ్లుగా ఉపన్యాసాలిచ్చి, ఈ కుక్కను తెచ్చిన రోజున హింసకు హద్దుండాలన్న మనిషాయన.

“మష్రూమ్స్ గ్రిల్ చేస్తున్నా మాస్టారూ,” అన్నాడు, మూత మీద చెయ్యి తీయకుండా.

“దీనికి నేను నేర్పింది పిట్టలే సుబ్బారావుగారూ. కూరగాయల దాకా ఇంకా రాలేదు.”

ఆయన గొంతు తగ్గించాడు. “మా ఆవిడకి చెప్పకండి, ప్లీజ్.”

ఆవిడకి చెప్పనని మాటిచ్చాను. మీకు చెప్పనని ఇవ్వలేదు. చిట్టి పాసైనట్టా, కాదా?