ఎంగిలి గంజి

నా చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాల్లో చాలావాటిని మరచిపోయాను. ఒక్కటి మాత్రం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు. పుదుచ్చేరికి ఎదురుగా సముద్రంలో లంగరు వేసిన ఓడ మీద, రేవు డాక్టరు నా నాలుగేళ్ల చెల్లెలి చెయ్యి పట్టుకుని చూస్తూ, ఈ పిల్ల తిండి తింటోందా అని నన్ను అడిగాడు. తింటోందన్నాను. అప్పటికి అది నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఆ సంగతి ఓడ మొత్తం మీద నాకొక్కడికే తెలుసని అనుకున్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. పుదుచ్చేరి నుంచి ఉద్యోగాల కోసం సైగోనుకు వెళ్లిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. నాన్న అక్కడ ఫ్రెంచివాళ్ల కచేరీలో గుమాస్తా. అమ్మ అక్కడే జ్వరంతో పోయింది. అమ్మకు జబ్బు చేసినప్పుడు వచ్చిన మా మేనత్త ఏడాదిపాటు మాతోనే ఉండి, ఇక ఆ దేశంలో తనవల్ల కాదని, మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని సొంత ఊరికి బయల్దేరింది. నాన్నకు సెలవు దొరకలేదు. మమ్మల్ని ఓడ ఎక్కించి రేవులో నిలబడ్డాడు. ఓడ కదిలేటప్పుడు చెయ్యి ఊపుతాడేమోనని చాలాసేపు చూశాను. ఆయన తల వంచుకుని బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు.

చెల్లెల్ని పెంచింది అత్త కాదు, ఆ దేశపు ఆయా. అమ్మ మంచం పట్టినప్పటి నుంచి పిల్లకు ఆమే సర్వస్వం. దాని నోట మన మాటకన్నా ఆయా మాటే ఎక్కువ పలికేది. ఓడ దగ్గర ఆయా దాన్ని నా చేతికిచ్చి, నా జేబులో ఒక పింగాణీ చెంచా పెట్టి, వెనక్కి తిరిగి నడిచిపోయింది. ఆ చెంచా నాకెందుకిచ్చిందో నాకు తెలుసు. అత్తకు తెలియదు.

ఆయా దానికి తిండి పెట్టే పద్ధతి వేరు. పెరట్లో, అత్త కంట పడని చోట, గొంతుక్కూర్చుని, పిల్లను తన మోకాళ్ల మధ్య వీపు తనవైపు ఉండేలా కూర్చోబెట్టుకునేది. అన్నం చితికిపోయేదాకా ఉడికించిన పలుచటి గంజి. అందులో ముందు తనే ఒక చెంచా శబ్దం వచ్చేలా జుర్రుకుని తాగేది. పిల్ల తల తిప్పి ఆమె గొంతు కదలడం చూసేది. ఆ తర్వాతే, అదే చెంచాతో, నోరు తెరిచేది. ప్రతి చెంచాకూ ఇంతే, తనకొకటి, దానికొకటి. మా ఇంట్లో నీళ్ల చెంబు కూడా పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాల్సిందే. అత్త చూసి ఉంటే ఆ ఆయాను ఆ పూటే పంపించేసేది. నేను చాలాసార్లు చూశాను, ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం మంచితనమేమీ కాదు. నాకు అసహ్యంగా ఉండేది, అంతే.

సింగపూరులో ఓడ మారాం. మేము డెక్కు మీది ప్రయాణికులం. టార్పాలిన్ నీడన చాపలు పరుచుకుని కుటుంబానికింత చోటు. ఓడ కదిలిన పూటే అత్త పడిపోయింది. తల ఎత్తితే వాంతి. కళ్లు మూసుకుని, కొంగు ముఖం మీద వేసుకుని అలాగే ఉండేది. "పాపకు నువ్వే తినిపించు నాయనా. అది తిన్నంకే నువ్వు ఆటకు పోవాల" అంది. సరేనన్నాను.

సింగపూరులో కొన్న అరటిపళ్లు ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. అవి అయిపోయాక ఓడ తిండే గతి. ముతక బియ్యపు అన్నం, మిరపకాయల ఘాటు నిండిన పప్పునీళ్లు, ఎండుచేప, పంటికి లొంగని బిస్కెట్టు. చెల్లెలు వాటిని చూసి పెదవులు బిగించేది. ముద్ద నోటి దగ్గర పెడితే తల తిప్పేది. ఆయా భాషలో రెండే రెండు మాటలు అనేది, ఆకలి అని ఒకటి, ఇది వద్దని ఒకటి. ఆ ఓడలో దాని మాట అర్థమయ్యేది నాకొక్కడికే.

నా జేబులో చెంచా ఉంది. ఏం చెయ్యాలో తెలుసు. కానీ మా చాపకు అటూ ఇటూ మనవాళ్ల కుటుంబాలే. వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, ఎంగిలి చెంచా నాకుతూ పిల్లకు పెట్టడమంటే నాకు చచ్చేంత సిగ్గు. సిగ్గు ఒక్కటే అయితే ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు. అమ్మ పోయిన రోజు నుంచి వచ్చినవాళ్లంతా దాన్నే ఎత్తుకున్నారు, తల్లిలేని పసిగుడ్డు అన్నారు. పదేళ్లవాడికి కూడా తల్లి పోయిందని ఎవరికీ తోచలేదు. ఆ కోపం నాలో ఉంది. ఒక ముద్ద చూపించి, అది తల తిప్పగానే, గిన్నె ఓడ అంచు కమ్మీ దాకా తీసుకెళ్లి సముద్రంలో వంచేవాణ్ణి. అత్త కొంగు కింద నుంచే "తినిందా?" అని అడిగేది. "తినింది" అని ఆటకు పరిగెత్తేవాణ్ణి. చెల్లెలు చక్కెర నీళ్లు తాగి, చాప అంచు నలుపుకుంటూ పడుకునేది. మూడో రోజుకు ఆకలి అనడం కూడా మానేసింది.

అది తిండి మానిన నాలుగో రోజు పొద్దున పుదుచ్చేరి కనిపించింది. లైటుహౌసు, దాని వెనక తెల్లటి ఇళ్లు, సముద్రంలోకి చాచుకుని ఉన్న వంతెన. డెక్కు మీద అందరూ లేచి మూటలు కట్టుకుంటున్నారు. ఎవరికి వాళ్లు తమ వీధి ఎటువైపో వేలితో చూపించుకుంటున్నారు. చూపించుకోవడానికి నాకు ఏ వీధీ గుర్తు లేదు. అయిదేళ్లప్పుడు వదిలిన ఊరు. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేను మళ్లీ ఎప్పుడూ నిలబడలేదు.

రేవు డాక్టరు పడవలో వచ్చి చూసి, జబ్బు లేదని చెప్పాకే ఎవరైనా దిగాలి. ఆయన వచ్చాడు, వెంట మాటలు తర్జుమా చేసే ఒక దుబాసీ. మా చాప దగ్గర ఆగి చెల్లెలి కళ్ల రెప్పలు ఎత్తి చూశాడు. చెయ్యి పట్టుకుని వదిలితే అది గుడ్డపేలికలా కింద పడింది. అత్త బలవంతాన లేచి కూర్చుని, "తింటాది సామీ, రెండు పూటలా మావాడే తినిపిస్తా ఉండాడు" అంది నా మీద నమ్మకంతో. నేను ఫ్రెంచి బడిలో చదివినవాణ్ణని తెలిసి డాక్టరు నన్నే ఫ్రెంచిలో అడిగాడు. బాగా తింటోంది దొరా, అన్నాను.

ఆయన నిట్టూర్చి దుబాసీతో ఏదో చెప్పాడు. బాగా తింటున్న పిల్ల ఇలా వడిలిపోతోందంటే లోపల చెడ్డ జబ్బేదో ఉన్నట్టట. మేమిద్దరం దిగవచ్చు. పిల్లను మాత్రం వేరే పడవలో, ఊరి బయట జబ్బు అనుమానం ఉన్నవాళ్లను ఉంచే పాకలకు తీసుకుపోతారు. పది రోజులు, ఒంటరిగా. మనవాళ్లెవరినీ లోపలికి రానివ్వరు. అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. దాని మాట తెలిసినవాడు ఆ పాకల్లో ఒక్కడూ ఉండడు. అక్కడ దానికి ఎవరు పెడతారు, ఏం పెడతారు, అది ఎలా తింటుంది? నాకు అంతా తెలుసు. అయినా చెంచా ఉన్న జేబును చేత్తో మూసుకుని నిలబడ్డాను. డాక్టరు పక్క చాప దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడు డెక్కు జనానికి వండే వంటవాడు గిన్నెలు ఏరుకుంటూ వచ్చాడు. పుదుచ్చేరిలోనే కురుచికుప్పం పక్కన ఇల్లు, ఇంట్లో మాలాగే తెలుగు. అందరూ మామా అనేవాళ్లు. పొయ్యి పొగకు ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. నన్ను భుజం పట్టుకుని కమ్మీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"రేయ్ అబ్బయా, దొరకాడ ఏం చెప్తివిరా?"

నేను సముద్రం వైపు తిరిగాను.

"బాగా తింటాదని చెప్తివంట గదా. తిన్నాయిలే, చేపలు. నీ చేతి అన్నం రుచి మరిగి ఓడ ఎనకాలే వస్తా ఉండాయి."

అందరి ముందూ అరుస్తాడనుకున్నాను. ఆయన గిన్నెలు కింద పెట్టి, నా పక్కన చతికిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"నేను చూస్తానే ఉంటి. నేను వండింది సముద్రంలో పోస్తాడే వీడు అని నాకు రోసం వచ్చింది. అందుకే పలకరించలా. బిడ్డ తినిందా అని ఒక్క మాట అడిగింటే పోయేది. అడగలా. అది నా తప్పు. నాది నేను చెప్తి. ఇంక నీది నువ్వు చెప్పు."

తిట్టి ఉంటే మొండికేసేవాణ్ణేమో. పెద్దవాడు ఒకడు ముందుగా తన తప్పు తీసి నా ముందు పెట్టేసరికి నాకు దాక్కోవడానికి చోటు లేకపోయింది. ఏడుస్తూ అంతా చెప్పాను, ఆయా పద్ధతి, చెంచా, అన్నీ.

"అంతా తెలిసీ ఎందుకట్ట పెట్టలా?"

"ఎంగిలి గదా మామా."

ఆయన చుట్టూ ఉన్న చాపలవైపు ఒకసారి చూసి, "ఓహో" అన్నాడు. తర్వాత లేచి, "పా, దొరకాడికి పోదాం. ముందు నేను చెప్తా, ఆనక నువ్వు" అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. దుబాసీతో తన తప్పు ముందు చెప్పాడు. తర్వాత నేను నాకొచ్చిన ఫ్రెంచిలో, ఆ పిల్ల నాలుగు రోజులుగా ఏమీ తినలేదని, తిన్నదని నేను అబద్ధం చెప్పానని చెప్పాను. డాక్టరు నన్ను కొట్టలేదు, కసరలేదు. గడియారం తీసి చూసుకున్నాడు. తన పడవ తిరిగి వెళ్లడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆలోపు తన కళ్లముందు అది తిని, తిన్నది కడుపులో నిలుపుకుంటే మాతో పంపిస్తానన్నాడు. లేదంటే పాకలకే.

మామ నూకలు మెత్తగా ఉడికించి, ఒక అల్లం ముక్క చితగ్గొట్టి వేసి, ఉప్పు కలిపి తెచ్చాడు. నేను గొంతుక్కూర్చుని చెల్లెల్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకున్నాను. దాని తల నిలవడం లేదు, నా గుండెకు ఆనించుకున్నాను. జేబులోంచి చెంచా తీశాను. ఒక చెంచా నేను జుర్రుకున్నాను.

పక్క చాప ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, ఎంగిలి పెడతా ఉండాడు చూడండమ్మా! సైగోను పోయొస్తే ఇదేనా నేర్చేది?"

అత్త అలవాటుకొద్దీ "రేయ్!" అంది.

"మీరు కండ్లు మూసుకోండక్కా" అన్నాడు మామ. "ఇన్ని దినాలు మూసుకోనే ఉంటిరి గదా."

అత్త ముఖం నల్లబడింది.

మొదటి చెంచాకు చెల్లెలు పెదవులు విప్పలేదు. నేను ఇంకొకటి తాగాను. అది మెల్లగా తల తిప్పి నా గొంతు వైపు చూసింది. మళ్లీ పెట్టాను. పెదవులు కాస్త విడివడ్డాయి. సగం గడ్డం మీద కారింది, సగం లోపలికి పోయింది. వేడి, అని ఆయా భాషలో అంది. ఆకలి, వద్దు అన్నవి కాక నాలుగు రోజుల్లో దాని నోట విన్న మొదటి మాట. ఊదాను. నాకొకటి, దానికొకటి. పదకొండు చెంచాలు తాగింది. అవి లెక్కపెడుతూ నేను ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో నాకు తెలియదు. మధ్యలో మామ చేతికి చెంచా ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "రేపటికి నేను యాడుంటానో. దానికుండేది నువ్వే గదరా" అన్నాడు.

అంతా చూస్తూనే ఉన్న డాక్టరు గంట గడిచాక దగ్గరికి వచ్చి దాని పొట్ట నొక్కి చూశాడు. కాగితం మీద ఏదో రాసి దుబాసీకి ఇచ్చి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ముగ్గురం ఒకే పడవలో దిగాం.

అత్త ఇంట్లో ఆ సాయంత్రం నుంచి చెల్లెలి గిన్నెలో మొదటి ముద్ద నాదే అయింది. అత్త కాదనలేదు. వీధి పిల్లలు కిటికీలోంచి చూసి నాకు ‘ఎంగిలోడు’ అని పేరు పెట్టారు. రెండేళ్లపాటు అలాగే పిలిచారు. ఆటకు పిలవడానికి కూడా ఆ పేరే. పిలిచినప్పుడల్లా పలికాను. చెల్లెలు గంజి నుంచి చారన్నానికి వచ్చి, ఆ తర్వాత ఒకరోజు నా చెయ్యి తోసేసి తనే కలుపుకుని తిన్నది. అప్పటినుంచి ఏ పిల్లైనా తిన్నదా అని నేను దూరం నుంచి అడగను. వెళ్లి గిన్నె పక్కన కూర్చుంటాను. మా ఇంట్లో పిల్లలు నన్ను చూసి విసుక్కుంటారు కూడా.

దిగిన వారానికే సైగోనుకు టపా ఓడ ఉందన్నారు. నాన్నకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నాకప్పటికి తెలుగు అక్షరాలు రావు, ఫ్రెంచిలోనే రాశాను. క్షేమంగా చేరామని రాసి ఊరుకోవచ్చు. అలా రాసిన కాగితం చింపేశాను. గిన్నె సముద్రంలో వంచింది, అత్తకు చెప్పిన అబద్ధం, డాక్టరుకు చెప్పిన అబద్ధం, చెల్లెలి మీద నా కోపం, అన్నీ రాశాను. అత్త వచ్చి, ఏం రాసినావురా అంది. చదివి తెలుగులో చెప్పాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను కూడా ఒక్క పూటన్నా లేచి చూడలేదని రాయి" అంది.

కలం పట్టుకున్నాను కానీ రాయలేకపోయాను. రాశానని చెప్పినా ఆమెకు తెలియదు, కానీ ఇక ఆమెతో అబద్ధం చెప్పదలచుకోలేదు. "రాయను అత్తా" అన్నాను.

అత్తకు సంతకం రాదు. సిరాబుడ్డి దగ్గరికి లాక్కుని, బొటనవేలు ముంచి, తప్పు తనది కూడా అన్నట్టు నా పేరు పక్కన గట్టిగా అద్దింది. అది ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం. తర్వాత నేనే తీసుకెళ్లి టపాలో వేశాను.