అనసూర్యక్క పొత్తిగుడ్డలు

క్రిస్మస్ నెల వచ్చిందంటే మా సాలెవాడలో మగ్గాల చప్పుడు కూడా మంచులో తడిసి మెత్తగా వినిపించేది. గోదావరి మీంచి పొగమంచు లేచి వచ్చి ఇళ్ల మధ్య నిలబడిపోయేది. అందులోంచి సున్నం బకెట్టు పట్టుకుని మా పక్కింటి అనసూర్యక్క కలలో మనిషిలా బయటికి వచ్చేది. వాడ మొత్తంలో ఏసును నమ్మిన ఇల్లు వాళ్లదొక్కటే. ఆమె మొగుడు రాజయ్య బావ వెదురు బద్దలతో నక్షత్రం కడితే, ఆమె ఎర్ర కాగితం అంటించేది. లోపల దీపం పెట్టగానే మా గోడ కూడా ఎర్రబడేది. పండుగ వాళ్లది, వెలుగు మాకూ వచ్చేది. కొత్తకోడలిని నేను పని మానేసి ఆ గోడనే చూస్తుంటే మా అత్త కనకవ్వ గొణిగేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను కడుపుతో ఉన్నాను. మా దగ్గర పసిగుడ్డుకు పుట్టిన కొన్నాళ్లకు చేసే పురుడు అయ్యేదాకా కొత్తబట్ట వేయరు. వాడి వాడి మెత్తబడ్డ ధోవతులు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. అత్త అలాంటి పాతబట్టలు వెతుకుతుంటే అనసూర్యక్క ఒక మూట తెచ్చింది. ఆ గుడ్డలు ఎవరివో వాడంతటికీ తెలుసు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పురుడు కాకముందే పోయాడు. మళ్లీ కడుపు పండలేదు.

"సచ్చిన పోరని బట్టలు నా కోడలికి తెచ్చినవా? బుద్ధున్నదా నీకు?" అంది అత్త, మొహం మీదే.

అక్క మూట చంకన పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయింది. నాకు అత్త మీద ఒళ్లు మండింది. అయినా ఆ గుడ్డలంటే నాకూ భయం వేసింది.

పండుగ ముందురోజు ఊళ్లోని ఏసు గుడిలో పశువుల పాక కట్టారు. అందులో పడుకోబెట్టే బాలయేసు నిర్మల్ కర్రబొమ్మ. ఏటా దాన్ని ముస్తాబు చేసేది అక్కే. దాన్ని తీసుకుపోవడానికి ఆ గుడి సంఘపెద్ద లింగమూర్తి వచ్చి వాళ్ల అరుగు మీద కూర్చున్నాడు. పిట్టగోడకు ఇవతల నేను.

బావ తను నేసిన ఎర్రంచు గుడ్డ గొప్పగా విప్పాడు. అక్క దాన్ని చెంపకు ఆనించుకుంది.

"గంజి గుచ్చుతది. పురుడు గాకముందే కొత్తబట్ట ఏందయ్యా?"

"దేవుని కొడుకాయె, పాతపేలికలు సుడ్తమా?" బావ చిన్నబుచ్చుకున్నాడు.

అక్క లోపలికి వెళ్లి రేకు సందుగ తెరిచింది. ఆ మూటే తెచ్చి ముడి విప్పింది. లింగమూర్తి గబుక్కున లేచాడు.

"గవి వద్దు బిడ్డా. నలుగురు ఏమనుకుంటరు?"

ఆమె బొమ్మ పక్కన ఒక గుడ్డ పరిచింది. "గీ బట్టలను జూసి అందరు భయపడ్డరు మామా. కన్నతల్లి ఎవలైనా భయపడ్తది, తప్పులేదు. గని గీయన మన సావు మోయనీకె వచ్చిండని ప్రతి ఐతారం నువ్వే గదా చెప్పేది? గీయనకేం భయం? గీయన గూడ వద్దంటే నా కొడుకు బట్టలు ఇంకెవలు కట్టుకుంటరు?"

లింగమూర్తి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "సుట్టు బిడ్డా," అన్నాడు.

ఆమె బొమ్మను ఒళ్లోకి తీసుకుని చేతులు సర్ది, కాళ్లు కప్పి, మెడ కింద మడత పెట్టింది. ఇన్నేళ్లయినా ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు. చుట్టడం అయిపోయాక అలవాటుగా కాసేపు ఊపింది. కర్రబొమ్మ ఏడవదు కదా, వాకిలంతా నిశ్శబ్దంగా ఉంది. బావ మొహం అటు తిప్పుకుని, కొత్త గుడ్డను ఖాళీ సందుగలో పెట్టాడు.

కొత్తేడు వచ్చాక పాక విప్పేశారు. ఒక పొద్దున మంచు విడిపోతుండగా బయటికి వచ్చి చూశాను. ఇన్నేళ్లు సందుగలో ఉన్న ఆ పొత్తిగుడ్డలు అక్క వాకిట్లో దండెం మీద ఎండకు ఆరుతున్నాయి. మా అత్త వాకిలి ఊడుస్తూ ఆగిపోయింది. చీపురు పక్కన పడేసి గోడ దగ్గరికి వెళ్లింది.

"దేవుడు కట్టుకోని ఇడిసినవి గదనే అనసూర్యా," అంది, గొంతు తగ్గించి. "నా కోడలికి జర రెండు ఇయ్యవా?"

అక్క దండెం మీదివన్నీ తీసి అత్త చేతుల్లో పెట్టింది.

నా కొడుకు పుట్టిన రోజు వాణ్ని చుట్టింది అనసూర్యక్కే. ఈసారి ఆ గుడ్డల్లోంచి ఏడుపు వినిపించింది.