ప్లాస్టిక్ తీయని పరుపు

నాకు మనవరాలు పుట్టినప్పుడు అల్లుడు దుబాయిలో ఉన్నాడు. బిడ్డను ఫోనులోనే చూసుకున్నాడు. ఇరవై రోజులకు అతను ఆన్‌లైన్‌లో బుక్ చేసిన మంచం కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చింది. నాలుగు వైపులా చెక్క కటకటాలు, మధ్యలో స్పాంజి పరుపు, దాని మీద ఏనుగు బొమ్మలు. "బుడ్డ పిల్లకు జైలు కట్టించిండు నీ మొగడు" అని కూతుర్ని ఆటపట్టించాను గానీ, లోపల మురిసిపోయాను. పసిపిల్ల కోసం తండ్రి ఏరి మరీ మంచం కొనడం మా ఇళ్లల్లో నేను అంతకుముందు చూడలేదు.

పరుపు దళసరి ప్లాస్టిక్ కవరులో వచ్చింది. నా కూతురు కత్తెర తెస్తే లాక్కున్నాను.

"కవర్ తియ్యకు. పిల్ల ఉచ్చ పోస్తే పరుపు ఖరాబైతది. అల్లుడు వచ్చిననాడు కొత్తగ కనవడాలె."

"ఆయన వచ్చేసరికి ఇంక ఎనిమిది నెలలైతది అవ్వా."

"అయితే ఎనిమిది నెలలుంటది. నీకేం బరువు?"

మా వీధిలో ఇదేమీ వింత కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు కొనిచ్చిన ప్రతి వస్తువూ, కొన్నవాడు వచ్చి కళ్లతో చూసేదాకా కవరులోనే ఉంటుంది. పక్కింటి సోఫా మూడేళ్లుగా కూర్చున్నవాళ్లకల్లా అతుక్కుంటోంది, అయినా ఎవరూ కవరు తీయరు. నేను ఆ ప్లాస్టిక్ మీద పాత చీర మడిచి పరిచాను, దాని మీద రబ్బరు గుడ్డ, దాని మీద మెత్తటి ధోతీ ముక్క. పని గట్టిగా చేశాననుకున్నాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి దిగిపోయాను. బాలింతలున్న ఇళ్లకు వెళ్లి కిటికీలు తెరిపించడం, తడి గుడ్డలు ఎండలో వేయించడం, వినకపోతే కసరడం నా ఉద్యోగం. పిల్లల విషయంలో నాకెవరూ చెప్పనక్కర్లేదన్న పొగరు అక్కడే అబ్బింది. అలాంటిదాన్ని, సొంత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి గాలి సోకుతుందని వెనక గది కిటికీ మూసేశాను. సందుల్లో గుడ్డలు కుక్కాను. రెండు పూటలా సాంబ్రాణి వేశాను. మంచాన్ని తీసుకెళ్లి ఆ కిటికీ కింద గోడకు ఆనించాను.

పాపకు ఐదో నెల నడుస్తుండగా ముసురు పట్టింది. దానితోపాటే దగ్గూ వచ్చింది. మొదట పొడిదగ్గు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు. దగ్గినప్పుడల్లా నేను తలుపు కూడా దగ్గరగా వేసి, సాంబ్రాణి ఇంకో పిడికెడు ఎక్కువ వేసేదాన్ని.

నా కూతురు హుస్నాబాద్ వైపు ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శి. ప్రసూతి సెలవు అయిపోవడానికి మూడు వారాలే మిగిలింది. ఆమె పొద్దున్నే బండి మీద డ్యూటీకి వెళ్లాలి, సాయంత్రందాకా పాప నా దగ్గర ఉండాలి. పాప కడుపులో ఉన్నప్పుడే అనుకున్న మాట ఇది. ఆ దగ్గు వినేసరికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"పిల్ల గిట్ల దగ్గుతుంటె నేను పోలేనవ్వా. సెలవు పొడిగిస్త. తగ్గకుంటె నౌకరే ఇడ్శిపెడ్త."

ఆ మాటకు నాకు అన్నం సయించలేదు. ఆ ఉద్యోగం పరీక్షకు ఆమె రెండేళ్లు చదివింది. ఫలితం వచ్చిన రోజు వీధంతా తిరిగి నోళ్లు తీపి చేసింది నేనే. నేను ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో ఆమెను పెంచింది నన్ను కన్న అవ్వే. ఒక్కనాడు కూడా నేను పిల్ల కోసం డ్యూటీ మానలేదు. ఇప్పుడు నా వంతు వస్తే, నా చేతుల్లో పిల్లకు నెమ్మది లేదు.

ఒకరోజు పొద్దున కూతురు స్నానానికి వెళ్లింది. పాపకు గుడ్డ మారుస్తుంటే పరుపు అంచు చేతికి జిడ్డుగా తగిలింది. లేపి చూశాను. ప్లాస్టిక్ కవరు కుట్టు ఒక మూల విచ్చుకుని ఉంది. రబ్బరు గుడ్డ అంచు దాటిన ఉచ్చ అక్కడి నుంచి లోపలికి దిగి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. అడుగున పరుపంతా నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. గోడ వైపు పచ్చగా బూజు నూగు. ముక్కిపోయిన బియ్యం వాసన.

నిజం చెప్పాలి కదా. ముందు నాకు గుర్తొచ్చింది పాప దగ్గు కాదు. కూతురు చూస్తే నన్నేమంటుందో అన్నది.

పరుపును గబగబా వెనక వరండాలోకి మోసుకెళ్లాను. కవరు లాగేసి వేన్నీళ్లు, సబ్బు, బ్రష్‌తో తోమాను. చుక్కలు వెలిశాయి. కూతురు అడిగితే "పిల్ల పాలు కక్కింది, కడిగిన" అన్నాను. ఎండ లేదు. ఒక పగలంతా ఫ్యాను కింద పెట్టాను. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంది. తోమిన వైపు కిందికి వేసి, అదే కవరు తొడిగి, చిరిగిన మూలకు టేపు అంటించాను. స్పాంజి ఎన్ని నీళ్లు తాగిందో ఆలోచించలేదు.

నాలుగు రోజులకు పాపను పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఛాతీ విని, ఆవిరి పట్టించి, అడిగాడు.

"ఇంట్ల చెమ్మ ఉందా? బూజు ఏమన్న పట్టిందా?"

నా కూతురు నా వైపు చూసింది. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"లేదు సారూ. మా ఇల్లు అద్దం లెక్క ఉంటది."

ఆటోలో తిరిగి వస్తుంటే పాప దగ్గి దగ్గి నా ఒళ్లోనే నిద్రపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే కూతురు పాపను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టి, సెలవు పొడిగింపు దరఖాస్తు రాయడానికి కాగితం తీసింది. నేను వెనక గదిలోకి వెళ్లి పరుపు దించి, కవరు చీల్చాను. చుక్కలు మళ్లీ వచ్చాయి, ఈసారి రెండు వైపులా. కూరగాయల కత్తితో అడ్డంగా కోశాను. లోపల స్పాంజి వేలెడు లోతు నల్లబడింది, నొక్కితే నీళ్లు కారాయి. ఆ ముక్కలను అలాగే ఈడ్చుకెళ్లి ఆమె ముందు పడేశాను.

"ఏందవ్వా ఇది?"

"నేను మొన్ననే చూసిన బిడ్డా. కడిగి మల్ల అదే ఏసిన. డాక్టర్ కాడ అబద్ధమాడిన."

ఆమె కాగితం పక్కన పెట్టి, ఒక ముక్కను వేలితో నొక్కి చూసింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆమె అరవలేదు.

"పాలు కక్కిందంటివి గద" అంది. మళ్లీ "పిల్ల కంటె పరుపు ఎక్కువైందా నీకు?" అంది.

"పరుపు గాదు. నా ఇజ్జత్ ఎక్కువైంది."

ఇద్దరం ఏడ్చాం. మొదట నేనే ఏడ్చాను.

పరుపు మున్సిపాలిటీ చెత్త బండికి పోయింది. మంచం వెనక గోడ రంగు పొక్కులు లేచి ఉంది, గీకి సున్నం వేయించాం. మంచాన్ని ముందు గదిలోకి మార్చి, గోడకు జానెడు దూరంగా పెట్టాం. కిటికీ తెరిచాం. స్పాంజి బదులు పలచటి దూది బొంతలు మూడు కుట్టించాను. ఒకటి పరిస్తే ఒకటి ఎండుతుంది, ఒకటి మడతలో ఉంటుంది. డాక్టరుకు కూతురే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దగ్గు ఒక్కరోజులో పోలేదు, మందులు వాడుతూ పదిహేను రోజులకు నెమ్మదించింది.

ఆ మధ్యలో అల్లుడు వీడియో కాల్ చేశాడు. కూతురు అంతా చెప్పేసింది. నేను ఫోనుకు అందకుండా వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. అయినా అతను పిలిచాడు.

"అత్తమ్మా, నాకు సూపెట్టనీకి దాసినవా? నేనొచ్చి పరుపును సూస్తనా, పిల్లను సూస్తనా?"

తిట్టినా బాగుండేది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దరఖాస్తు ఇవ్వలేదు. సెలవు అయిపోయిన మర్నాడు నా కూతురు డ్యూటీకి తయారైంది. బ్యాగు తగిలించుకుంది, హెల్మెట్ చేతిలో ఉంది. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చింది. మంచం మీద బొంత మూల లేపి, కింద చెక్క మీద అరచేయి ఆనించి చూసింది. ఆ చేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

ఒకప్పుడైతే "నా మీద నమ్మకం లేదా?" అని ఇల్లు ఎగిరిపోయేలా లొల్లి చేసేదాన్ని. నొప్పి కలగలేదని అనను. చాలా కలిగింది. ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో చేత్తో బొంత అవతలి అంచు పైకి లేపి పట్టుకున్నాను.

"గిటు గూడ చూడు బిడ్డా" అన్నాను.

చూసింది. పాప నుదుటి మీద ముద్దు పెట్టి, బండి తీసుకుని డ్యూటీకి వెళ్లింది.