వెనక లైటుకు పెట్టిన బొట్టు

పాల్మాకులలో నాకు ముందుచూపున్న మనిషినని కొంచెం పేరుంది. నా స్కూటరుకి మాత్రం ఆ పేరు లేదు. దాని ముందు లైటు స్క్రూ వదులై పైకి తిరిగిపోయి, ఎంత సరిచేసినా ఆకాశాన్నే చూసేది. "విమానాశ్రయం పక్కన ఉంటోంది కదండీ, దిగే విమానాలు లెక్కపెట్టుకుంటోంది పాపం," అనేది మా ఆవిడ. మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పదకొండేళ్లు. మా ఆవిడ ఎగతాళిలో ఇంకా ఆ 'అండీ' అలాగే ఉంది.

నేను విమానాశ్రయంలో సరుకుల గోదాములో గుమాస్తాను. పొద్దున ఆరింటికి షిఫ్టు. అక్కడ కంచె లోపల చేత్తో తోసే బండికి కూడా చుట్టూ మెరిసే టేపు ఉండాలి. నడిచే మనిషికి మెరిసే జాకెట్టు ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఎనిమిది గంటలూ పెళ్లిపందిరిలా మెరిసిపోయి, కంచె దాటగానే జాకెట్టు విప్పి, మడతపెట్టి, సీటు కింద పెట్టేసేవాణ్ణి. రోడ్డు మీద అది వేసుకుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. నలుగురూ చూడాలనే దాన్ని కుట్టారన్న సంగతి నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

బతుకమ్మకు ముందు ముసురు పట్టిన రోజులవి. ఐదుంబావుకి ఊరి రోడ్డు దాటి బెంగళూరు హైవే ఎక్కాను. చీకటి, తుంపర, కళ్లద్దాల మీద నీళ్లు. ఎదర ఒక ఎర్ర చుక్క గాల్లో ఊగుతోంది. ఎవరో బీడీ కాల్చుకుంటూ నడుస్తున్నారనుకున్నాను. ఇంత వానలో ఆరిపోని ఆ బీడీ ఏ కంపెనీదో అని ఆలోచిస్తున్నాను కూడా. ఉన్నట్టుండి ఆ చుక్క అటూ ఇటూ విసురుగా ఊగింది.

"ఓ అన్నా! ఆగు, ఆగు! కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా ఏంది?"

బ్రేకు వేశాను. స్కూటరు జారింది. నేను పక్కన బురదలో కూర్చున్నాను. లేచి చూస్తే జానెడు దూరంలో ట్రాక్టరు ట్రాలీ వెనక చెక్క. ఆ చెక్క మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ వెనక పాలకూర కట్టలు, బంతిపూల మూటలు. చేతిలో టార్చిలైటు, దాని మూతికి కట్టిన ఎర్రచీర ముక్క.

ట్రాక్టరు ఆగింది. నడుపుతున్నాయన దిగి వచ్చి ఫోను వెలుతురులో నా ముఖం చూశాడు. "అరే, మన సారే గద!" మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే రైతు. ఆవిడ ఆయన భార్య. రోజూ శంషాబాదు మార్కెట్టుకి ఆకుకూరలు తోలతారని తెలుసు, ఇలా తోలతారని తెలియదు.

"దెబ్బ తాకిందా సారూ?" ఆవిడ గొంతు తగ్గింది.

"లేదమ్మా. మీ ట్రాలీకి వెనక లైటు లేదు."

"నేనున్న గద."

"మీరు లైటా?"

"ఆరేండ్ల సంది నేనే."

ఆరేళ్ల కింద వాళ్ల బర్రె వీపు దురద పుట్టి ట్రాలీకి రుద్దుకుంటే ఉన్న రెండు వెనక లైట్లూ పగిలాయట. రేపు పెట్టిద్దామనుకున్నారు. ఆ రేపటిదాకా ఆవిడ టార్చి పట్టుకుని కూర్చుంది. రేపు ఇంకా రాలేదు.

"గామె ఉండంగ ఎవడు గుద్దుతడు సారూ," అన్నాడాయన. "గుద్దినోడు ఆమె నోటికెల్లి బతికి బయటపడాలె గద!"

"నీ నోటికి తాళమెయ్య. నువ్వు ముంగట జూసి నడుపు, పూలు తడుస్తున్నయ్."

వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజు గోదాములో చీటీలు రాస్తూ అదే ఆలోచించాను. నా స్కూటరు తగిలితే ట్రాలీకి ఏమీ కాదు. ఆ వేలాడే కాళ్లకి అవుతుంది. నా బదులు షాద్‌నగర్ వైపు నుంచి వచ్చే ఏ లారీయో అయితే కాళ్లతో ఆగదు. ఆవిడ టార్చి ఊపుతూనే ఉంటుంది, డ్రైవరు బీడీ అనుకుంటాడు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చాప వేశారు, చాయ్ ఇచ్చారు. నేను రూలు మొదలుపెట్టాను. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా, వెలుతురు చాలనప్పుడల్లా, బండి వెనక ఎర్ర లైటు వెలగాలి. ట్రాలీ అయినా సరే. లైటు కాక, వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కన పసుపు. ఆయన శ్రద్ధగా విని, "లైట్ తీస్కో సారూ," అన్నాడు.

హైదరాబాదు చుట్టుపక్కల దానర్థం 'పట్టించుకోకు' అని. కానీ అరగంట నుంచి లైటు గురించే మాట్లాడుతున్నవాడికి ఆ మాట ఎలా వినపడాలి? "సరే, తీసుకుంటాను," అని లేచి, శంషాబాదు వెళ్లి నిజంగానే రెండు లైట్లు, మూడు రంగుల టేపు తీసుకొచ్చాను. నా వాలకం చూసి ఆయనకి మొహమాటం వేసింది. ట్రాలీ తగిలించుకుని బయల్దేరాడు. బయల్దేరే ముందు మా ఆవిడ గుమ్మంలోంచి అడిగింది: "ఊరందరికీ లైట్లు పెట్టిస్తున్నారు, మన స్కూటరు ఏం పాపం చేసిందండీ?" దాన్నీ వెంట తీసుకెళ్లాను.

చౌరస్తా దగ్గర వైరింగు చేసే మెకానిక్కు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ట్రాలీకి లైటా? ఏందన్నా, రన్‌వే మీద దించుతవా?" అంటూనే ట్రాక్టరు నుంచి ట్రాలీదాకా తీగ లాగి, విప్పి తగిలించుకునే ప్లగ్గు పెట్టాడు. నా స్కూటరు లైటుని కూడా ఆకాశం నుంచి భూమ్మీదికి దించాడు.

టేపు నేనే అంటించాను. ఆవిడ తడిగుడ్డతో రేకు తుడుస్తూ పాఠం అప్పజెప్పింది. "ముంగట తెలుపు, ఎనక ఎరుపు, పక్కకు పసుపు. అన్ని రంగులుండాలంటె గిది ట్రాలీ గాదు, బతుకమ్మ." సాయంత్రం చీకటిపడ్డాక ఆయన ట్రాక్టరు స్టార్టు చేశాడు. రెండు ఎర్ర లైట్లూ వెలిగాయి. నేను స్కూటరు లైటు వేస్తే టేపంతా భగ్గుమంది. ఆయన ట్రాక్టరు మీదే నుంచుని, మెడ చాచి, "నాకు కనిపిస్తలేదు సారూ," అన్నాడు. దిగి వెనక్కి వచ్చి చూడవయ్యా అంటే వచ్చి చూశాడు.

నాకప్పుడే ఒక సంగతి తోచింది. ముందు లైటు మనం చూడటానికి. అది పోతే ఆ రోజే బాగుచేయించుకుంటాం, నాలాంటివాళ్లు తప్ప. వెనక లైటు మనల్ని చూడటానికి. అది వెలుగుతోందో లేదో నడిపేవాడికి ఎప్పటికీ తెలియదు, వెనక వచ్చేవాడికే తెలుస్తుంది. ఆ చోట ఆరేళ్లు ఆవిడ కూర్చుంది, తను దాటివచ్చిన రోడ్డునే చూస్తూ.

మర్నాటి నుంచి ఆవిడ ట్రాలీలో ముందుకి జరిగి, మొగుడి వెనకే కూర్చుంది. ట్రాలీలో అసలు మనుషులే ఎక్కకూడదని కూడా చట్టంలో ఉంది. ఆ పాఠాన్ని ఇంకో ఆదివారానికి వాయిదా వేశాను, నా చాయ్ మీద ఆశతో. టార్చి ఇంట్లో మేకుకి తగిలించిందట. "ఆరేండ్లకు మా ఆయనను జూస్తున్న సారూ," అంది ఒకసారి. "మొఖం గాదు, ఈపు. గదే మంచిగున్నది."

దసరా వచ్చింది. ట్రాక్టరూ ట్రాలీ కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నాకు కబురు పంపారు. ఆవిడ పసుపు గిన్నె నా చేతికిచ్చింది. "లైట్లు వెట్టింది నువ్వు, బొట్టు గూడ నువ్వే వెట్టాలె."

నాకు ఇలాంటి గౌరవాలు అరుదు. గోదాములో ఎనిమిది గంటలు చీటీలు రాస్తే ఎవరూ పసుపు గిన్నె ఇవ్వరు. పొంగిపోయాను. పసుపు చిక్కగా కలిపి, రెండు వెనక లైట్లకీ అరచేతినిండా మెత్తాను. పక్కనున్న టేపుకీ మెత్తాను. మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ. వెనక చెక్క పొడుగునా బంతిపూల దండ, లావుపాటిది, టేపు మీదుగా. పక్కన పసుపు ఉండాలని చెప్పిందెవరో, వెనకంతా పసుపు పూసిందెవరో ఆ క్షణాన నాకు గుర్తులేదు. "సారు చేతి పసుపు గట్టిగుంటది," అని ఆయన మెచ్చుకున్నాడు. గుమ్మడికాయ కొట్టారు. నేను ఇంటికొచ్చి భోంచేసి హాయిగా పడుకున్నాను.

మర్నాడు పూల బేరం లేకపోయినా పాలకూర ఆగదు. ఐదుంబావుకి నేను హైవే ఎక్కాను. వాన లేదు, చీకటి మాత్రం చిక్కగా ఉంది. కొంతదూరం పోయాక నా లైటు వెలుతురులో, ఎదర గాల్లో ఒక పూలదండ కదులుతూ కనిపించింది. దండే, ఇంకేమీ లేదు. దగ్గరికి వెళితే దాని చుట్టూ ట్రాలీ పోగైంది. లైట్లు లోపల వెలుగుతూనే ఉన్నాయి. ఎండిన పసుపు వెనక నుంచి ఎర్రదనం, మట్టిగోడ అవతల పెట్టిన దీపంలా, ఉందా లేదా అన్నట్టుంది. టేపు ఎక్కడా మెరవలేదు.

ఆవిడ వీపు ఇటు ఉంది. మొగుడితో ఏదో చెప్తూ నవ్వుతోంది. ఆరేళ్లు ఆవిడ కాపలా కాసిన ఆ ట్రాలీ వెనక్కి ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. వెనక లైటు ఉంది కదా అనే ధీమా. ఆ ధీమా నేనిచ్చింది. దాని మీద పసుపు పూసిందీ నేనే.

హారను కొట్టాను. ట్రాక్టరు మోతలో నాకే వినపడలేదు. దాటి వెళ్లి ఆపుదామని కొంచెం ముందుకి లాగాను. అద్దంలో దూరంగా లారీ లైట్లు కనిపించాయి. నేను ముందుకి వెళితే వెనక ఆ దండ తప్ప ఏమీ మిగలదు. ఆగిపోయాను. స్కూటరు పక్కకి తీసి, సీటు ఎత్తి, జాకెట్టు తీశాను. చేతులు దూర్చడానికి ఎంతసేపు పట్టిందో! గుండీలు పెట్టుకోకుండానే మళ్లీ ట్రాలీ వెనక్కి చేరాను. కుడివైపు తిరిగే లైటు కూడా వేసి ఉంచాను, ఏ వైపూ తిరగకపోయినా.

లారీ వెలుగు ముందు నా చేతుల మీద పడింది, తరవాత నా నీడ ట్రాలీ చెక్క మీద పడి చిక్కబడింది. జాకెట్టు మెరుస్తోందా? తిప్పి వేసుకున్నానా? చూసుకోలేను. వీపు ఎవరికి వాళ్లకి కనపడదు. హారను గట్టిగా మోగింది. ఆ గాలికి స్కూటరు ఊగింది. లారీ పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది. తరవాత ఇంకొకటి. ఇంకొకటి. అన్నీ తప్పుకున్నాయి. నేను ఆ వేగంతోనే, ట్రాక్టరు పొగ మింగుతూ, విమానాశ్రయం దారి దాటిపోయి శంషాబాదు మార్కెట్టుదాకా వాళ్ల వెనకే వెళ్లాను. చేరేసరికి తెల్లవారింది.

ఆవిడ దిగుతూ నన్ను చూసింది. "ఏంది సారూ, డ్యూటీకి పోకుంట గిట్ల మా ఎనక వడ్డవ్? పాలకూర గావాలంటె ఇంటికాడ ఇస్తుంటి గద."

నేను వెనక లైటు చూపించాను. ఆవిడ చూసింది. తరవాత నా జాకెట్టు చూసింది. నవ్వు పోయింది.

ఆయన కూడా వచ్చి చూసి, తల గోక్కున్నాడు. "సారు చేతి పసుపు నిజంగనే గట్టిది." తరవాత మెల్లగా, "గని పూజల వెట్టిన పసుపు తుడుస్తరా? అదంతట అదే రాలాలె గద."

మా ఇంట్లోనూ అదే పద్ధతి. ఆవిడ మాత్రం ఆగలేదు. కూరల మీద చల్లే నీళ్ల డబ్బా తీసి, కొంగు తడిపి, ఒక లైటు తుడిచింది. తరవాత రెండోది. దండని పైకి తీసి చెక్క అంచుకి కట్టింది. కొంగుకి అంటిన పసుపుని వేలితో తీసి, లైటు పక్కన చెక్క మీద చిన్న బొట్టు పెట్టింది.

"అమ్మవారు జర పక్కకు జరుగుతది," అంది మొగుడితో. "లారీ జరుగుతదా ఎప్పుడన్న?"

ఆ రోజు గోదాముకి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్లాను. గేటు దగ్గర మనిషి గుండీలు పెట్టుకోని నా జాకెట్టు చూసి, "ఇంటి నుంచే వేసుకొచ్చారా సార్?" అన్నాడు. అవునన్నాను. అప్పటి నుంచి అది నిజం కూడా అయింది. మా ఆవిడ దానికి రోజూ ఇస్త్రీ చేస్తానంటోంది, ఎగతాళికో నిజానికో ఇంకా తేల్చుకోలేదు.

తరవాతి దసరాకి మళ్లీ పసుపు గిన్నె నాకే ఇచ్చారు. ఆవిడ పక్కనే నుంచుని, "పక్కకు పసుపు సారూ, పక్కకు," అని కనిపెట్టుకుని ఉంది. వేలెడంత బొట్టు, చెక్క మీద. ఇప్పుడు పొద్దున్నే హైవే మీద ఆ రెండు ఎర్ర లైట్లు నాకు చాలా దూరం నుంచి కనిపిస్తాయి. వాటిని పట్టుకుని, దాటి, ముందుకి వెళ్తాను. అప్పుడు నా జాకెట్టు వీపూ, స్కూటరు వెనక లైటూ వాళ్లవైపు తిరుగుతాయి. వెనక నుంచి, ట్రాక్టరు మోతను మించి, ఆవిడ కేక వినపడుతుంది.

"ఎలుగుతుంది సారూ! పో!"